ఎల్.సి. పుస్తకంలో రెండో పేరు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను ఆటపట్టించడం నాకు చిన్నప్పటి నుంచి సరదా. మాది కొత్తగూడ దగ్గర తండా. అడవి దారిన ఒక్కదాన్నే నడిచి బడికి పోయినదాన్ని. ఎప్పుడూ ఏదీ కనబడలేదు. ఇప్పుడు కూడా ఏదో కనబడిందని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కరెంటు ఆఫీసులో నాది కాంట్రాక్టు ఉద్యోగం. మొదట జనగామలో బిల్లుల కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. పని చేతికి వచ్చేసరికి మహబూబాబాద్ స్టోర్‌కు పంపారు. ఏ సామాను ఎక్కడుందో తెలిసేసరికి, భూపాలపల్లి వైపు ఒక సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ సెలవు పెట్టాడని నన్ను అక్కడ వేశారు. ట్రైనింగ్ ఎప్పుడని అడిగితే అక్కడి ఆఫీసరు సార్ నవ్వాడు. "మూడ్రోజులు పక్కన కూసో, అదే వస్తది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అయినా నోరు మూసుకున్నాను.

ఆ మూడు రోజులూ నాకు నేర్పింది రాజలింగం అన్న. రాత్రి డ్యూటీ ఆయనది. మంచివాడే, కానీ ఎప్పుడూ ఇంటికి పోయే తొందర. ఎల్.సి. గురించి మాత్రం చెప్పాడు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు మాకు ఫోన్ చేసి ఆ లైనులో కరెంటు ఆపించుకుంటాడు. దాన్నే ఎల్.సి. తీసుకోవడం అంటారు. పేరు, టైము పుస్తకంలో రాసుకోవాలి. దిగాక మళ్లీ ఫోన్ చేసి తిరిగి ఇస్తాడు. అప్పటిదాకా కరెంటు వదలకూడదు. ఒకే లైను మీద ఇద్దరు వేర్వేరుగా ఎల్.సి. తీసుకోవచ్చన్న సంగతి మాత్రం చెప్పలేదు.

నాలుగో రోజు ఉదయం ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కాను. మూడో నంబర్ లైను అప్పటికే ఆగి ఉంది. "గాలికి తీగలు తెగినయి, మనోళ్లు చేస్తున్నరు" అని చెప్పి రాజలింగం అన్న బండెక్కాడు. తొమ్మిదింటికి ఒక లైన్‌మన్ అదే లైను మీద ఎల్.సి. అడిగితే, అన్న చెప్పిన మనోళ్లు వీళ్లేననుకుని ఇచ్చాను, రాసుకున్నాను. పదకొండు దాటాక ఫోన్ వచ్చింది. "పని అయిపోయింది చెల్లె, లైన్ ఇచ్చుకో."

అప్పటికే రైతుల ఫోన్లతో నా తల తిరుగుతోంది. "అక్కా, మోటర్లు ఎప్పుడు నడుస్తయి? మడి ఎండుతాంది." వెంటనే వెళ్లి స్విచ్ మీద చెయ్యి వేశాను. అప్పుడు గుర్తొచ్చింది, తిరిగి ఇచ్చిన టైము రాయలేదని. సార్ తిడతాడని మళ్లీ టేబుల్ దగ్గరికి వచ్చాను.

తొమ్మిది గంటల వరుస కింద ఇంకో వరుస ఉంది. సమ్మయ్య, మూడో నంబర్ లైను, 7.40. తిరిగి ఇచ్చినట్టు రాసే గడి ఖాళీ.

అది నా రాత. నా నీలం పెన్ను. సున్నాలను పక్కకు వంచి పెట్టే అలవాటు నాది, అక్కడి సున్నా కూడా అలాగే ఉంది. కానీ నేను రాయలేదు. ఏడూ నలభైకి నేను బస్సులో ఉన్నాను. సమ్మయ్య అనే పేరు అంతవరకు వినలేదు. రాజలింగం అన్న పోయాక ఆ గదిలోకి వేరే ఎవరూ రాలేదు.

రాజలింగం అన్నకు ఫోన్ చేసి సమ్మయ్య ఎవరని అడిగాను.

"అయ్యో చెల్లె, లైన్ ఇచ్చినవా?"

"లేదన్నా."

"ఇయ్యకు. నీకు దండం పెడ్త, ఇయ్యకు. పొద్దుగాల ఫోన్ల ఎల్.సి. తీసుకున్నడు. నేను రాయనే మర్శిన."

సమ్మయ్య ఫోన్ మోగుతోంది కానీ ఎత్తడం లేదు. రాజలింగం అన్న అతన్ని వెతుక్కుంటూ బండి మీద పోయాడు. ఈలోగా సార్ ఫోన్. "ఎందుకిస్తలేవు? ఉద్యోగం చేసుడు ఇష్టం లేదా?" "ఇయ్యను సార్, మనిషి పైనున్నడు" అన్నాను. ఉద్యోగంలో చేరాక పైవాళ్లకు కుదరదని చెప్పడం అదే మొదటిసారి.

అరగంటకు సమ్మయ్యే ఫోన్ చేశాడు. "ఇప్పుడే దిగిన చెల్లె. ఫోన్ బండిల ఉండె." నేను అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను.

సాయంత్రం రాజలింగం అన్న పుస్తకం చూసి "నువ్వే రాసినవ్ గదా" అన్నాడు. సమ్మయ్య ఫోన్ వచ్చిన టైము ఆయన ఫోన్‌లో ఏడూ నలభై అనే ఉంది. పోయేటప్పుడు ఆయన చెబుతుంటే పరధ్యానంలో విని రాసి ఉంటావని మా అక్క అంటుంది. కానీ ఆయన తనే మర్చిపోయానని పిల్లల మీద ఒట్టు పెట్టి చెప్పాడు.

వారం తర్వాత సమ్మయ్య తన భార్యను, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు యాది పెట్టుకోకుంటే మేం ఆగమైపోదుం అక్కా" అని ఏడ్చింది. నాకు ఏదీ యాదిలో లేదని, అప్పటికే స్విచ్ మీద చెయ్యి వేశానని ఆమెకు చెప్పలేకపోయాను. పిల్ల నా కాళ్లు మొక్కబోతే సిగ్గుతో వెనక్కి జరిగాను.

రెండు నెలలకు నన్ను మళ్లీ జనగామకు మార్చారు, ఈసారి మీటర్ల పని. నా చోటికి వచ్చినతనికి ఒక్క రోజే నేర్పారట. రోజూ ఎనిమిదింటికి అతనికి ఫోన్ చేసి, లైను మీద ఎవరెవరున్నారో అడిగావా అంటాను. విసుక్కుంటాడు. అయినా చేస్తాను. ఆ వరుస రాసిందెవరో నాకు ఇప్పటికీ అంతుచిక్కలేదు. అతనికి కూడా ఎవరో అలా రాసి పెడతారన్న నమ్మకం నాకు లేదు.