ముందుకు పెట్టిన కాలు

సౌదీలోని జుబైల్‌లో మా కంపెనీ కబడ్డీ జట్టుకి కోచ్ అంటే వేరే ఎవరో కాదు, స్కాఫోల్డింగ్ ఫోర్‌మనే. జగిత్యాల వైపు మనిషి, అరవైకి దగ్గర. అందరం కాకా అనేవాళ్ళం. శుక్రవారం బరిలోకి దిగే ముందు ఏడుగురం వరసగా ఆయన కాళ్ళకి మొక్కాలి. నెత్తిన చెయ్యి పెట్టి మరీ తిట్టేవాడు.

"కాలు ముందటికి పెట్టకుర్రా. రైడరొచ్చి తాకి పోతడు."

ఏడాదంతా ఇదే పాట.

ఆ ఏడాది వరసగా గెలిచాం. గెలిచి ఏం చేసుకుంటాం? సౌదీవాళ్ళు సరిపడా లేరని, స్థానికుల కోటా లెక్క నితాఖత్‌లో కంపెనీ రెడ్‌లో పడింది. ఇక ఎవరికీ ఇఖామా, అక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యూవల్ కాదు. వేరే కంపెనీ తీసుకుంటే ఉండొచ్చు, లేకపోతే ఇంటికే. జట్టులో కొందరు అప్పటికే ఎగ్జిట్ మీద వెళ్ళిపోయారు.

ఫైనల్లో మాకు ఎదురు వచ్చిన కంపెనీ గ్రీన్‌లో ఉంది. వాళ్ళ క్యాంప్ బాస్ నాకు కబురు పెట్టాడు. తమ వైపు ఆడి కప్పు తెస్తే నా కఫాలా, అంటే స్పాన్సర్‌షిప్, తమ కంపెనీకి మార్పిస్తాడట. నా ఇఖామాకి ఇరవై రోజులే ఉంది. సిగ్గు చంపుకుని కాకాకి చెప్పాను. ఆయన చేతిలో పానా ఆగలేదు.

"పో బిడ్డా. ఈడుంటే కప్పొస్తది, కాయిదం రాదు."

నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఫైనల్ రోజు మా పాత జట్టుకి ఏడో మనిషి లేక కాకానే నిక్కరు వేసుకుని దిగాడు. జనం నవ్వారు. నాకు ఒళ్ళు మండింది, కానీ నవ్వేవాళ్ళ పక్కనే నిలబడ్డాను. ఆ రోజు మొక్కడానికి కాళ్ళు లేక మట్టికి మొక్కాను.

స్కోరు సమానం. చివరి కూత నాది. మూలలో కాకా కుడికాలు ముందుకు పెట్టి నిలబడ్డాడు. వంగి తాకి, గీత దాటి వచ్చేశాను.

కప్పు వచ్చింది, ఇఖామా మారింది. కాకా ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళిన రోజు నేను బస్సు దగ్గరికి పోలేదు. తర్వాత బయటిదేశం పనివాళ్ళ మీద కట్టాల్సిన లెవీలు భరించలేమని ఆ గ్రీన్ కంపెనీ నన్నూ పంపించేసింది.

ముసలాయన, కాలు లాక్కోలేకపోయాడని అందరికీ చెప్తాను. ఒక్కటి మాత్రం చెప్పను. నేను వంగి ఆ కాలు తాకినప్పుడు, నన్ను పట్టాల్సిన ఆయన చెయ్యి ప్రతి శుక్రవారంలాగే నా నెత్తి మీద ఉంది.