తెల్ల పేజీ కోసం నా బిడ్డ చేసిన ప్రార్థన

పదకొండేళ్లు నేను ఒక చిన్న ట్యూబుకు బానిసనై బతికాను సహోదరులారా. నవ్వకండి! సారాకూ సిగరెట్టుకూ బానిసలైనవాళ్ల సాక్ష్యాలు మీరు చాలా విన్నారు, నాది ముఖానికి రాసుకునే క్రీము. కుత్బుల్లాపూర్‌లో నా నల్ల రంగు చూసి చిన్నప్పటి నుంచి అందరూ కర్రెపిల్ల అనే పిలిచేవారు, పెళ్లిచూపులకు ముందు మా మేనత్త మెడికల్ షాపు నుంచి ఆ ట్యూబు తెచ్చి నా చేతిలో పెట్టింది, రెండు నెలల్లో ముఖం తెల్లబడింది, ఇక వదలలేకపోయాను. ఒక్క వారం మానితే మంట, దురద, ఎర్రటి పొక్కులు, మళ్లీ షాపుకే పరుగు! మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు. ఆ ముఖంతోనే ఇక్కడ షామీర్‌పేటలో మన సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని.

నా బిడ్డ జెస్సీకి అప్పుడు ఆరేళ్లు. పొద్దున లేచింది మొదలు వసపిట్టలా వాగుతూనే ఉంటుంది, రంగు అచ్చం నాదే, అంటే ట్యూబు పూయని నాది. మీకు తెలుసు కదా, చిన్నపిల్లలకు రక్షణ గురించి చెప్పడానికి రంగు కాగితాల పుస్తకం ఒకటి వాడతాం, నల్ల పేజీ చూపించి ఇది పాపపు హృదయం అంటాం, తెల్ల పేజీ చూపించి ఇది యేసయ్య కడిగిన హృదయం అంటాం. ఆ ఆదివారం నేను నల్ల పేజీ ఎత్తగానే ఒక పాప లేచి, "టీచర్, గిది జెస్సీ లెక్కుంది!" అన్నది, పిల్లలంతా పకపకా నవ్వారు. అయ్యో, ఏ నోటితో చెప్పను, నేను కూడా నవ్వాను! నవ్వేసి తెల్ల పేజీ తిప్పాను.

బుధవారం సాయంత్రం ఇంట్లో జెస్సీ మాట వినిపించలేదు. అనుమానం వచ్చి గదిలోకి తొంగి చూశాను. అద్దం ముందు మోకాళ్ల మీద ఉంది, నా ట్యూబంతా పిండి ముఖానికి పూసుకుంది, కళ్లు గట్టిగా మూసుకుని ప్రార్థన చేస్తోంది. "యేసయ్యా, ఆదివారం లోపల నన్ను గా తెల్ల పేజీ లెక్క జెయ్యి. మొన్న అమ్మ గూడ నవ్వింది. ఇగ అమ్మ నవ్వొద్దు. ఆమేన్."

నా గుండె చెరువైపోయింది సహోదరీలారా! దాని ముఖం కడిగి చూస్తే బుగ్గలు రెండూ ఎర్రగా కమిలి ఉన్నాయి, మూడు రోజులుగా దొంగచాటుగా పూసుకుంటోందట. మరునాడు మేడ్చల్ తీసుకుపోతే డాక్టరమ్మ నన్ను చూసి, "పసిదానికి గిదేంది తల్లీ? నీ ముఖం గూడ దీంతోనే ఖరాబైంది, ఇద్దరూ బంద్ జెయ్యాలె" అని చీవాట్లు పెట్టింది.

తిరిగి వస్తూ చెరువు కట్ట దగ్గర బండి ఆపి, కాల్చిన మక్కకంకి ఒకటి కొని దాని చేతిలో పెట్టి చెప్పాను. "బిడ్డా, నలుపు పాపం గాదు. దేవుడు నిన్ను గిట్లనే జేసి మురిసిండు. రంగు జూసి మనిషిని తక్కువ జేసుడే పాపం. గా పాపం నేను జేసిన, నన్ను మాఫ్ జెయ్యి."

అది నాలుగు గింజలు నమిలి, "మరి నువ్వెందుకు పూస్కుంటవమ్మా?" అన్నది.

దాన్ని బండి ఎక్కించుకుని ఇంటికి వచ్చాను. ఆ సాయంత్రం మోకరించి ఒక్కటే అడిగాను. ప్రభువా, పిల్లకు చెప్పిన మాటను ముందు నన్ను నమ్మనియ్యి!

ట్యూబు మానేశాను. మూడు నెలలు ముఖం నిప్పుల్లో పెట్టినట్టుండేది, ఒక రోజు మెడికల్ షాపు మెట్ల దాకా పోయి ఏడుస్తూ వెనక్కి వచ్చాను. మా ఆయన తడిగుడ్డలు వేసేవాడు, బుగ్గలు మానిన జెస్సీ నా ఒళ్లో కూర్చుని ఉఫ్ ఉఫ్ అని నా ముఖం మీద ఊదేది. సండే స్కూలులో పిల్లలందరి ముందూ నా బిడ్డను క్షమాపణ అడిగాను. ఆ పుస్తకం పక్కన పెట్టి, బురద పట్టిన స్టీలు గ్లాసు ఒకటి తెచ్చి, పిల్లలతోనే కడిగించి పాఠం చెప్పాను.

మెల్లగా పొక్కులు మానాయి, నా సొంత రంగు తిరిగి వచ్చింది. ఒక ఉదయం అద్దం ముందు దానికి జడ వేస్తున్నాను. అది అద్దంలో నన్ను చూసింది, తనను చూసుకుంది, మళ్లీ నన్ను చూసింది. సగం జడతోనే లేచి పరుగెత్తింది. "నాయినా, జల్దీ రా! అమ్మ గూడ నా లెక్కనే అయ్యింది!"

ఎంత సంతోషమో దాని గొంతులో! తనను మార్చమని బిడ్డ అడిగితే, ప్రభువు తల్లిని మార్చాడు. హల్లెలూయ!

తల్లులారా, తండ్రులారా, మీ పిల్లలు అద్దం ముందు ఏమని ప్రార్థిస్తున్నారో ఒక్కసారి చెవిపెట్టి వినండి. తప్పు మీదైతే వాళ్ల ముందే ఒప్పుకోండి, సిగ్గుపడకండి, మిగిలింది ఆయన చేతుల్లో పెట్టండి, ఆయన్ని నమ్మినందుకు నాకు ఏ నష్టమూ రాలేదు. ఇప్పుడు జెస్సీని చూస్తే నాకు మళ్లీ నవ్వొస్తుంది, అదే ముందు మొదలుపెడుతుంది, తర్వాత నేను అందుకుంటాను. దేవునికే మహిమ!