హన్నమ్మ కోపం, కాలేబు కొలెస్ట్రాల్

నారాయణఖేడ్ బస్ డిపో ఎదుట జొన్నరొట్టెలు చేసే హన్నమ్మకు కోపం వస్తే ముందు ఆమె చేతికి తెలుస్తుంది, తర్వాత ఊరికి. ఆమె రొట్టె చరిచే చప్పుడుకు డిపోలో కునుకు తీస్తున్న కండక్టర్లు ఉలిక్కిపడి లేచి ఖాళీ సీట్లకు టికెట్లు కొట్టారు. ఒకసారైతే ఆ చప్పుడు కంగ్టి దాకా పోయింది. ఉరుమనుకొని అక్కడివాళ్లు కంది విత్తనాలు బయటికి తీశారు. నమ్మనివాళ్లు ఆమె పొయ్యి ముందుకొచ్చి కాదనవచ్చు. ఇంతవరకు ఎవరూ రాలేదు.

ఆ కోపంలో సగానికిపైగా భర్త కాలేబు మీదే. అతను కల్హేర్‌కు ఆటో నడుపుతాడు. నిరుడు గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. కొలెస్ట్రాల్ గోలీ రోజూ వేసుకోవాలి, ఆపొద్దు అన్నాడు డాక్టర్. ఆ గోలీ హన్నమ్మే చేతిలో పెట్టి, మింగి నోరు తెరిచి చూపించేదాకా ఎదుటే నిలబడేది.

ఈ వానకాలం కాలేబుకు డెంగీ వచ్చింది. జ్వరం నూటమూడు ఉన్నరోజు చేసిన రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ నూటడెబ్బై నుంచి తొంభై ఎనిమిదికి పడింది. లేచి తిరగగలిగిన మొదటి ఆదివారమే అతను చర్చిలో సాక్ష్యానికి నిలబడ్డాడు. "దేవుడు నా గుండె కడిగిండు, ఇగ గోలీలతోని పనిలేదు" అని మందుల షీట్లన్నీ కానుకల సంచిలో వేశాడు. సంఘమంతా స్తోత్రం అంది. హన్నమ్మ పళ్లు కొరికింది.

సోమవారం ఆమె రిపోర్టు పట్టుకొని ల్యాబ్‌లో పనిచేసే సుమిత్ర దగ్గరికి పోయింది.

"నయమైందా బిడ్డా? నిజం చెప్పు."

"ఏం నయం కాలె చిన్నమ్మా. వైరస్ లోపలికొస్తే మన కణాలు ఇంటర్‌ఫెరాన్ అని ఒక ప్రోటీన్ వదులుతయి. పక్క కణాలకు అది హెచ్చరిక. కొలెస్ట్రాల్ చేసుడు తగ్గించుమంటది."

"ఎందుకట?"

"వైరస్ బతకాలన్నా, పెరగాలన్నా దానికి మన కొలెస్ట్రాలే గావాలె. దొంగొచ్చిండని దుకాణం షట్టర్ దించినట్టు. జరం పోతే మళ్ల తెరుస్తరు. జరంల తీసిన లెక్క అసలు లెక్క గాదు. నెలా రెండునెలలు ఆగి మళ్ల తీయాలె. గోలీ మాత్రం ఆపొద్దు."

హన్నమ్మ ఆ మాటలన్నీ ఆటో స్టాండులో కాలేబు మొహాన కొట్టింది. కోపంలోనూ అతన్ని కూతురి పేరుతోనే పిలిచింది.

"కోమల నాయినా, దిమాక్ ఉన్నదా నీకు? షట్టర్ దించితే దుకాణం ఎత్తేసినట్టా?"

"సంఘం ముందట చెప్పిన. ఇప్పుడు తప్పంటే నా ఇజ్జత్ ఏంగావాలె?"

"నీ ఇజ్జత్‌కు స్టెంట్ ఎయ్యరు!"

అతను మూడురోజులు గోలీ ముట్టలేదు. ఆ మూడురోజులు తిన్నవాళ్లనడగండి, రొట్టెలు పెంకుల్లా ఉన్నాయి.

గురువారం సైమన్ పెద్దాయన రొట్టెల కోసం వచ్చాడు. డెబ్బై ఏళ్లు, రెండు స్టెంట్లు.

"మీ ఆయన సాక్ష్యం ఇని నేను గూడ గోలీలు బంద్ జేసిన బిడ్డా. నాలుగు దినాలాయె" అన్నాడు సంబరంగా.

హన్నమ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. పెనం మీద రొట్టె మాడుతున్నా చూడలేదు. పొయ్యి ఆర్పి, ముసలాయన రెక్క పట్టుకొని ఆటో స్టాండుకు నడిపించింది. రోడ్డు మీది మనుషులూ బర్రెలూ దారి ఇచ్చాయి.

"చెప్పు" అంది కాలేబుతో. "నన్ను జూసి గాదు, గీయన మొఖం జూసి చెప్పు. నీ మాట ఇని గోలీలు ఆపిండు."

చుట్టూ తోటి డ్రైవర్లు. కాలేబు హ్యాండిల్ తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టి, దిగి ముసలాయన ముందు నిలబడ్డాడు.

"పెదనాయినా, దేవుడు నన్ను జరం నుంచి లేపిండు. గంతవరకే నిజం. నా గుండె నయం కాలె. తెల్వక చెప్పిన. ఇయ్యాల్నే గోలీ ఏసుకో."

"మరి మిగిలినోళ్లు? నువ్వు చెప్తుంటే మస్తుమంది తలకాయలు ఊపిండ్రు" అన్నాడు సైమన్.

"ఆదివారం చర్చిల చెప్త."

"ఆదివారం దాక గుండెలు ఆగుతయా?" హన్నమ్మ అరిచింది. "స్టార్ట్ చెయ్యి. ముందుగాల మందుల దుకాణం. ఇగ ఆడికెళ్లి ఇల్లిల్లు."

మందుల దుకాణం ముందే ఆమె చూస్తుండగా కాలేబు గోలీ మింగాడు. తర్వాత సంఘంలోని ఒక్కో గడప ముందు నిలబడి అదే మాట చెప్పాడు. హన్నమ్మ దిగలేదు. ఒక్క మాట మింగేసినా పట్టుకునేలా వెనక సీట్లోంచి మెడ చాచి కూర్చుంది.