మామగారి జీపు, అత్తగారి పానా

మా మామగారు ఒంటరిగా ఏ పనీ చేయలేరు. చేతకాక కాదు. పక్కన ఎవరో ఒకరు ఏదో ఒకటి పట్టుకుని నిలబడకపోతే ఆయనకి చెయ్యి ఆడదు. గోడకి మేకు కొట్టాలంటే మేకుల డబ్బా ఒకరు పట్టుకోవాలి. బల్బు మార్చాలంటే స్టూలు ఒకరు, పాత బల్బు ఒకరు, కొత్త బల్బు ఒకరు. పేపరు చదవాలన్నా కళ్ళజోడు డబ్బా పట్టుకోవడానికి మనిషి కావాలి.

తప్పు ఆయనది కాదు, వృత్తిది. జీవితమంతా పళ్ళ డాక్టరుగా బతికారు. చెయ్యి చాపితే చాలు, అందులోకి అద్దమో పటకారో దానంతటదే వచ్చి పడేది. క్లినిక్ మూసేశాక నర్సు వెళ్ళిపోయింది, చాపిన చెయ్యి మాత్రం మిగిలిపోయింది. దానికి తోడు ఆ వృత్తిలో అబ్బిన ఇంకో గుణం: అవతలివాడి నోరు నిండుగా ఉన్నప్పుడే కుశలప్రశ్నలు వేస్తారు. నా నోట్లో నాలుగు స్క్రూలు పెట్టి, "ఆఫీసులో ఎలా ఉందోయ్? ప్రమోషన్ సంగతేమైంది?" అంటారు. నేను "ఊఁ ఊఁ" అంటే, "శుభం, శుభం" అని సంతోషపడతారు.

పైగా ఖాళీగా ఉన్న డాక్టరు ఇంట్లోవాళ్ళకి ప్రమాదం. కింది వాటాలో వాళ్ళు, పై వాటాలో మేము. క్లినిక్ నుంచి తెచ్చుకున్న కుర్చీ హాల్లో వేసుకుని, మెట్లు దిగిన వాళ్ళందరినీ "ఒక్కసారి ఆ అను" అనేవారు. దాంతో మేమంతా ఇంట్లో నవ్వడం మానేశాం. ఆవలింత వస్తే పెరట్లోకి పరిగెత్తేవాళ్ళం.

ఆ రోజుల్లోనే మా అత్తగారు స్నానాలగదిలో జారిపడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఆవిడ బట్టలు కుట్టడంలో ఘనురాలు. వీధి గదిలో ఆవిడ మిషను చప్పుడు వినిపించకపోతే వీధివాళ్ళకి తెల్లారదు. కట్టు విప్పాక చూస్తే వేళ్ళు పూర్తిగా మూసుకోవడం లేదు. వ్యాయామం నేర్పడానికి వచ్చిన అమ్మాయి చేతిలో రబ్బరు బంతి పెట్టి, "రోజూ దీన్ని పిసకాలమ్మా. బద్ధకించారంటే చెయ్యి ఇలాగే బిగుసుకుపోతుంది. ఇక కత్తెర పట్టలేరు" అని స్పష్టంగా చెప్పి వెళ్ళింది.

"బంతి పిసుక్కుంటూ కూర్చోవడానికి నేనేమన్నా పసిపిల్లనా?" అన్నారు అత్తగారు. బంతి పక్కింటి కుక్క పాలైంది. మిషను మీద దుప్పటి కప్పేశారు. "చాల్లే, ఎంతకాలం కుడతాం" అని తేలిగ్గానే అన్నారు గానీ, ఆ గదిలోంచి వెళ్ళినప్పుడల్లా మొహం పక్కకి తిప్పుకునేవారు. మాకందరికీ దిగులుగా ఉండేది. ఆ మాటెత్తడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా సరిగ్గా అప్పుడే మామగారు జీపు కొన్నారు.

దాన్ని జీపు అనడం మర్యాద కోసం. తలుపుల్లేవు, పైకప్పు లేదు, వెనక సీటులో గడ్డి మాత్రం ఏపుగా పెరిగింది. "పాతకాలపు సరుకోయ్! మామూలు బళ్ళకి రెండు చక్రాలే లాగుతాయి, దీనికి నాలుగూ లాగుతాయి" అన్నారు గర్వంగా. ఆ రోజు మాత్రం వీధివాళ్ళతో కలిపి నలుగురం తోస్తే గానీ అది గేటు దాటలేదు.

అత్తగారు గుమ్మంలోంచి చూసి, "చెయ్యి విరిగిన పెళ్ళాం చాలదని, నడుం విరిగిన బండి కూడా తెచ్చుకున్నారా?" అన్నారు.

మర్నాటినుంచి వైద్యం మొదలైంది. మామగారు తెల్లకోటు తొడిగి, మూతికి గుడ్డ కట్టుకుని, "ఏదమ్మా, నోరు తెరు" అంటూ బానెట్ ఎత్తారు. పళ్ళు గీకే కొక్కెంతో ఇంజనంతా తట్టి చూశారు. "లోపల పుచ్చిపోయింది. చాలా అశ్రద్ధ చేశారు" అని నావైపు కోపంగా చూశారు, బండిని నేనే పాడు చేసినట్టు. రేడియేటర్‌కి చిల్లు కనిపిస్తే పంటికి పెట్టే సిమెంటుతో పూడ్చారు. బిగుసుకున్న బోల్టులకి లవంగ నూనె పూశారు. చివరికి రేడియేటర్ నిండా నీళ్ళు పోసి, ఇంజను స్టార్ట్ చేసి, "ఇప్పుడు పుక్కిలించి ఉమ్మెయ్" అన్నారు, అలవాటుకొద్దీ. కాసేపటికి పూడ్చిన సిమెంటు ఊడి, అది నిజంగానే ఉమ్మేసింది, ఉతికి ఇస్త్రీ చేసిన నా చొక్కా మీద.

ఆ దెబ్బతో నేను వెనక గుమ్మంలోంచి ఆఫీసుకి వెళ్ళడం నేర్చుకున్నాను. మా ఆవిడ ఏదో పని కల్పించుకుని మేడ దిగడం మానేసింది. ఇక ఇంట్లో మిగిలింది అత్తగారే.

"ఇదిగో, ఈ టార్చి ఒక్క క్షణం పట్టుకో."

"నా చెయ్యి సంగతి తెలిసే అడుగుతున్నారా?"

"తెలుసులే. ఇంకెవరున్నారు? పడితే పడనీ, పాత టార్చే."

ఆవిడ తిట్టుకుంటూ రెండు వేళ్ళతో పట్టుకున్నారు. కొన్నాళ్ళకి టార్చి పోయి స్క్రూడ్రైవర్ వచ్చింది. తర్వాత పానా వచ్చింది. "నా నడుం వంగట్లేదు గానీ, ఆ నట్టు కాస్త బిగిద్దూ" అనేవారు మామగారు. ఆవిడ ఆయన వంశాన్నంతా పేరుపేరునా తలుచుకుంటూ బిగించేవారు.

మా ఆవిడ మేడమీంచి చూసి రుసరుసలాడింది. "నాన్నా, నీకసలు బుద్ధుందా? విరిగిన చేతితో అమ్మ చేత పానా పట్టిస్తావా?"

"మరి పట్టుకునేవాళ్ళెవరున్నారే?" అన్నారాయన, లోకంలో అదొక్కటే సమస్య అయినట్టు.

పోనీ బండైనా బాగుపడుతోందా అంటే, అదీ లేదు. ఇవాళ బిగించిన నట్టు రేపటికి వదులు.

"ఇది నిన్న బిగించిందే కదండీ?"

"పాత బండి కదా, కుదుపులకి వదులైపోతుంది."

"కదలని బండికి కుదుపులేమిటండీ?"

"పాత బళ్ళంతే!"

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను చెప్పులు చేత్తో పట్టుకుని వసారా దాటుతూ దొరికిపోయాను.

"అల్లుడూ, సమయానికి వచ్చావు. ఇలా పట్టు" అని ఇంత పొడుగు ఇనప గొట్టం నా చేతికిచ్చి, రెండు బోల్టులు నా నోట్లో పెట్టేశారు. గొట్టం రెండో చివర పానాకి తగిలించి ఉంది, పానా ముందు చక్రం నట్టుకి. ఇద్దరం లాగాం. నేను గొట్టానికి వేలాడాను. బండి ఊగింది గానీ నట్టు కదల్లేదు. ఇంకోసారి గట్టిగా లాగేసరికి పానా జారి ఇద్దరం వెల్లకిలా పడ్డాం.

ఆయన లేవడం లేదు. కంగారుగా వంగి చూస్తే, పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. "రాలేదోయ్! నట్టు రాలేదు!"

నేను బోల్టులు ఉమ్మేశాను. "రాకపోతే అంత సంతోషమేమిటి మామయ్యగారూ? అయినా పొద్దున్నే కదా అత్తయ్యగారు దీన్ని బిగించారు. ఇప్పుడెందుకు విప్పడం?"

"విప్పకపోతే రేపు ఏం బిగిస్తుందోయ్?" అన్నారు లేచి కూర్చుంటూ. "మొదట చిటికెన వేలి గోరంత నట్టు ఇచ్చాను. తర్వాత ఇంకాస్త పెద్దది. తను బిగించడం, తను అటు వెళ్ళగానే నేను వదులు చెయ్యడం. ఈ చక్రం నట్టే అన్నిటికన్నా పెద్దది. బంతి పిసకమంటే పిసకదు. అదే సాయం చెయ్యమని చూడు, తిడుతూ అయినా చేస్తుంది. ఇన్నేళ్ళుగా కాపురం చేస్తున్నా, ఆ మాత్రం తెలియదా?"

నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషనుకున్నాను. ఇంటిల్లిపాది కళ్ళూ కప్పేశారు. ఆ క్షణాన ఆయన మీద నాకు పుట్టుకొచ్చిన ప్రేమ ఇంతా అంతా కాదు. చెబుదామనుకునేలోపు, "ఇవి నేల మీద పారేస్తావేమిటోయ్" అని బోల్టులు తుడిచి మళ్ళీ నా నోట్లో పెట్టేశారు.

"ఏమిటా ఇకిలింపులు?" గుమ్మంలో అత్తగారు.

"ఏం లేదోయ్. ఈ నట్టు తుప్పు పట్టింది."

"పొద్దున నేను బిగించిన నట్టుకి మధ్యాహ్నానికల్లా తుప్పా? వంటింటి కిటికీలోంచి చూస్తే మీ వీపే కనిపిస్తుంది. రోజూ మీరు వదులు చెయ్యడం నాకు తెలియదనుకున్నారా?"

మామగారి నవ్వు ఆగిపోయింది. "తెలిసీ రోజూ ఎందుకు బిగించావు?"

"బిగించకపోతే మీకు పనుండదు. పనిలేకపోతే మళ్ళీ హాల్లో కుర్చీ వేసి అందరి నోళ్ళూ తెరిపిస్తారు. చెయ్యి పోతే పోయింది, పిల్లలు ఇంట్లో హాయిగా నవ్వుకోవద్దూ?"

ఇన్నాళ్ళూ ఎవరు ఎవరికి వైద్యం చేశారో తేల్చడం నా వల్ల కాలేదు. నోట్లో బోల్టులుండటం ఒక విధంగా మంచిదే అయింది.

అత్తగారు బండి చుట్టూ ఒకసారి తిరిగారు. "దీనికి పైకప్పు లేదేం?"

"మందపాటి గుడ్డతో కుట్టించాలట. ఎవరినడిగినా మా వల్ల కాదంటున్నారు."

ఆవిడ వేళ్ళు ముడిచి చూసుకున్నారు, మళ్ళీ విప్పి చూసుకున్నారు. వీధి గదిలోకి వెళ్ళి మిషను మీద దుప్పటి లాగేశారు. గుడ్డ తెప్పించాక కత్తెర కరకరమని కోస్తున్న చప్పుడు మేడమీదికి వినిపిస్తే, మా ఆవిడ చేస్తున్న పని వదిలేసి కిందికి పరిగెత్తింది. మామగారు అంతకు ముందే చేరుకున్నారు.

"నా దగ్గర ఎవరూ నిలబడక్కర్లేదు. నేను చేసుకోగలను" అని ఆవిడ తలుపు వేసేశారు. పాపం, ఆయన దారపు ఉండ ఒకటి పట్టుకుని గడప బయటే కూర్చున్నారు. దాన్ని పట్టుకోమని ఆయన్నెవరూ అడగలేదు.

ఇప్పుడు జీపు తిరుగుతోంది. హారన్ కొడితే వైపరు ఆడుతుంది, వైపరు వేస్తే ఏదీ ఆడదు. బ్రేకు వేసినప్పుడల్లా లవంగాల వాసన వస్తుంది. వాన కురిసిన రోజున మామగారు పనిగట్టుకుని మమ్మల్నందరినీ ఎక్కించుకుని వీధులన్నీ తిప్పుతారు. తలుపుల్లేని రెండు పక్కల నుంచీ జల్లు కొట్టి అందరం తడిసి ముద్దవుతాం. అయినా ఆయన మాటిమాటికీ తల పైకెత్తి, "చూశావుటోయ్, కుట్టులోంచి ఒక్క చుక్క దిగితే ఒట్టు!" అంటారు. "రోడ్డు చూసి నడపండి" అంటారు అత్తగారు. ఆవిడ కూడా పైకే చూస్తుంటారు.