కాటా పక్కన కూర్చున్న రోజులు

ఎడమ చేతికి పోయినవి రెండు వేళ్లు, అంటే కణుపుల లెక్కలో ఆరు. అందులో ఒక వేలికున్న పెళ్లినాటి ఉంగరం. ఇల్లు గడవక అమ్ముకున్న, మూడు ఈతలు ఈనిన బర్రె. కుదువబెట్టి విడిపించుకోలేకపోయిన మా ఇంటామె కమ్మల జత. నిన్న ఆళ్లగడ్డ బ్యాంకులో వేలిముద్రలు తీసుకునే పిల్ల నా చెయ్యి చూసి, “మిగతా రెండు యాడ పెద్దనాయనా?” అని అడిగి, అడిగినందుకు తనే నాలుక కరుచుకుంది. నేను నవ్వి ఊరుకున్నాను గానీ, ఇంటికి నడిచినంతసేపూ పోయినవన్నీ లెక్క కట్టుకుంటూనే వచ్చాను.

నంద్యాల వడ్లమిల్లుల సంగతి మా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు. ఆ తవుడు దుమ్ము, బెల్టుల మోత, తెల్లవారుతూనే ఆళ్లగడ్డలో బస్సుకోసం పరుగు మీలో చాలామంది ఎరిగినవే. ఐదో తరగతితో బడి మానేసిన నేను మూటలు మోస్తూ మోస్తూనే లెక్కలు నేర్చుకుని, కాటా దగ్గర తూకాలు చూసే కుర్చీ దాకా వచ్చాను. ఒకరోజు ఆగిపోయిన బెల్టును సర్దబోతే అది ఉన్నట్టుండి తిరిగి నా వేళ్లను పట్టుకుపోయింది. బీమా ఉంది కాబట్టి గాయం మానేదాకా జీతంలో కొంత భాగం బీమా ఆఫీసు ఇస్తుందనీ, ఆ డబ్బు తీసుకుంటున్నన్నాళ్లు పనిలోంచి తీసెయ్యకూడదని చట్టం ఉందనీ చెప్పారు. ఆ తర్వాత సంగతేమిటో ఎవరూ చెప్పలేదు.

నా కుర్చీలో అప్పుడే మిల్లు యజమాని అయిన సావుకారు అక్క కొడుకు కూర్చున్నాడని తెలిసి నాకు కూడు సయించలేదు. అదే మిల్లులో మేస్త్రీగా ఉన్న మా మేనమామ, “మొగం కనపడకుంటే మనిషిని మర్చిపోతారప్పా. పని చెయ్యాకు, ఊరికే వచ్చి కూర్చో” అన్నాడు. మిల్లుల్లో పాత అలవాటే అది. దెబ్బ తగిలినవాడైనా రోజూ కంటబడుతుంటే అతని చోటు ఇంకొకరికి ఇవ్వడానికి మొహమాటపడేవారు. “ఆ కట్టు చెయ్యేసుకొని ఆడ ఏం ఉద్ధరిస్తావ్?” అని ఇంటామె కేకలేసినా వినలేదు.

మొదటిరోజు హమాలీలు, “ఎనిమిది వేళ్ల సారు వచ్చినాడు, లేచి నిలబడండప్పా!” అని ఆట పట్టించి, టీ తెప్పించారు. కాటా పక్క బల్ల మీద ఊరికే కూర్చుందామనే వెళ్లాను, కానీ ఆ అక్క కొడుకు తూకం తప్పు చదివినప్పుడల్లా నోరు కట్టుకోలేక సరిచెప్పేవాణ్ణి. అక్కడే దెబ్బతిన్నాను. నేను మిల్లులో కనపడుతున్నానని ఎవరో చెప్పగా బీమా ఆఫీసరు విచారణకు వచ్చాడు.

గాయం చిన్నదని రాయించుకోవాలనేమో, సావుకారు ముందే అందుకుని, “రోజూ వస్తాండాడు సార్. లెక్కలన్నీ ఈయప్పే చూస్తాండాడు” అన్నాడు.

ఆఫీసరు నా వైపు తిరిగి, పని చేశావా లేదా, ఒక్క మాట చెప్పమన్నాడు. లేదని చెబితే బీమా డబ్బు దక్కుతుంది. కానీ నలుగురిలో సావుకారును అబద్ధాలకోరును చేసినట్టవుతుంది, గాయం మానిన మర్నాడు నన్ను కాపాడే చట్టమేదీ ఉండదు. అవునంటే డబ్బు పోతుంది, కుర్చీ మిగలవచ్చు. మామ నేల చూపులు చూస్తున్నాడు. సావుకారు నన్నే చూస్తున్నాడు.

“చేసినాను సార్.”

ఆఫీసరు నేను మిల్లుకు వచ్చిన అన్ని రోజుల బీమా డబ్బూ రద్దుచేసి, పని చేయించుకున్నారు కాబట్టి కూలి మీరే ఇవ్వాలని సావుకారుకు చెప్పాడు. “ఇస్తాం సార్, మా మనిషే గదా” అన్నాడాయన. కట్టు విప్పిన మర్నాడే కుర్చీ నాకు వచ్చింది. మిల్లు మూతపడేదాకా తొమ్మిదేళ్లు అందులోనే కూర్చున్నాను. కూలి మాత్రం రాలేదు. జీతాల రోజున అడగాలనుకునేవాణ్ణి, అంతలోనే నా చోటుకు ఏమవుతుందోనని భయపడి మాట మింగేవాణ్ణి. పిల్లల చదువులు అయ్యేదాకా అలాగే మింగాను.

ఇప్పుడు ఆ చోట కల్యాణమండపం లేచింది, సావుకారు కాలం చేశాడు. ఇప్పటి పిల్లలకు ఫోనులో మెసేజీ వస్తే చాలు, పని ఉన్నదీ ఊడినదీ తెలిసిపోతుంది. తీసేసేవాడి మొగం వీళ్లు చూడరు, వీళ్ల మొగం వాడు చూడడు. ఎదురుగా కూర్చున్న మనిషిని పొమ్మనడానికి కాస్త సిగ్గుపడిన కాలం మాది. ఆ సిగ్గును నమ్ముకుని నేను కూర్చున్నది ఇరవయ్యేడు రోజులు. రోజుకు మూడు వందల నలభై చొప్పున నాకు రావలసింది తొమ్మిది వేల నూట ఎనభై రూపాయలు.