కేసీ కాలువ గట్టు మీద హారన్

మా ఆర్మీ ట్రక్కులు నంద్యాల దాటి ఆళ్లగడ్డ రోడ్డెక్కేసరికి ఉదయం ఎనిమిదైంది. వాన వదలడం లేదు. రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి చేలు నీళ్లలో ఉన్నాయి. ఏది శనగ చేనో, ఏది గుంతో తెలియలేదు. ట్రక్కు వెనక పట్టా ఎత్తి చూస్తూ కూర్చున్నాను. ప్రతి మలుపూ తెలిసిందే. మంచు కొండల్లో డ్యూటీ చేశాను, ఎడారిలో చేశాను. సొంత జిల్లాలో డ్యూటీ పడుతుందని కలలో కూడా అనుకోలేదు.

పక్కనున్న రేడియో ఆపరేటర్ పంజాబ్ వాడు. “లీవు అడక్కుండానే నిన్ను ఇంటికి పంపారు. అదృష్టమంటే నీదే” అన్నాడు హిందీలో. నాకు నవ్వు రాలేదు. మాది గడివేముల పక్క పల్లె. మా ఇంటికి రెండు రోజులుగా ఫోన్ కలవడం లేదు.

ఇప్పుడు జనం నన్ను బార్డర్ కథలు చెప్పమంటారు. వరద డ్యూటీ గురించి మొదలుపెడితే వాళ్ల మొహాలు వాడిపోతాయి. తుపాకీ పేలకపోతే అది వాళ్లకు కథే కాదు. సర్వీసు అన్న మాట వినగానే నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది ఆ వారమే. వినే ఓపిక ఉంటే వినండి, లేకపోతే మీ ఇష్టం.

ఒక హైస్కూల్లో దిగాం. మా దగ్గర రెండు పడవలు, తాళ్లు, ఇసుక బస్తాలు, చేతి వైర్‌లెస్ సెట్లు ఉన్నాయి. నేను వాహనాల ఎలక్ట్రీషియన్‌ని. కరెంటు లేదు. సెల్ టవర్లు పనిచేయడం లేదు. దిగిన గంటలోనే పడవలు రెండూ కుందూ నది వైపు వెళ్లిపోయాయి. పది మంది జవాన్ల సెక్షన్ ఒకటి ఇసుక బస్తాలతో చెరువు కట్ట మీదికి వెళ్లింది.

మధ్యాహ్నం కట్ట మీద నుంచి కబురొచ్చింది. కట్టకు బుంగ పడింది, నీళ్లు మట్టిని తోసుకుని బయటికి వస్తున్నాయి. కట్ట కింద ఒక చిన్న ఊరుంది. అందరూ కొట్టాల అంటారు. మట్టి గోడల ఇళ్లు. ఆ ఊరికీ కేసీ కాలువ గట్టుకూ మధ్య వంక పారుతోంది. వంక దాటే కల్వర్టు మునిగిపోయింది. గట్టు మీద ట్రక్కు పట్టదు. అరిస్తే ఆ నీళ్ల హోరులో అవతలికి వినబడదు.

మేజర్ సాబ్ మ్యాప్ మడిచి నా వైపు చూశాడు. “వాళ్లకు ఎలాగైనా చెప్పాలి. దారి చూడు” అన్నాడు.

అప్పటికే ఒక మనిషి స్కూలు గేటు దగ్గర బైకు పట్టుకుని తడుస్తున్నాడు. యాభై ఏళ్లుంటాయి. పేరు ఏసేపు. కౌలు రైతు, చర్చి పెద్ద. నా యాస వినగానే దగ్గరికొచ్చాడు.

“అప్పా, మా పాప రూతు ఆ కొట్టాల్లోనే ఉంది. చంటిబిడ్డతో ఒక్కతే ఉంది. అల్లుడు నంద్యాల్లో రైసు మిల్లు పనికి పోయినాడు. బస్సులు లేక రాలేకుండాడు.”

“నీ బైకు గట్టు మీద పోతుందా అన్నా?”

“పోతాది. ముందు మడ్‌గార్డ్ పీకేసినా. లేకుంటే రేగడి మట్టి ఇరుక్కొని చక్రం తిరగదు. మా చర్చిలో మైకు సెట్టుంది, తెమ్మంటావా?”

తెమ్మన్నాను. స్కూలు వరండాలో పని మొదలుపెట్టాను. ఆ సెట్టు పన్నెండు వోల్టుల మీద కూడా పాడుతుంది. సాధారణంగా దాన్ని ట్రాక్టరు బ్యాటరీకి తగిలిస్తారు. బైకు బ్యాటరీ దాని ముందు ఎంత? ఇంజిన్ గట్టిగా తిరిగితేనే మైకుకు చాలినంత కరెంటు వస్తుంది. స్పీడు తగ్గితే ఉన్న కాస్త బ్యాటరీనీ మైకు తాగేస్తుంది. అందుకే ముందు హెడ్‌లైట్ పని చూశాను. ఈ కాలం బళ్లకు దాన్ని ఆర్పే స్విచ్ ఉండదు, పగలంతా వెలుగుతూనే ఉంటుంది. లైటు డూమ్ విప్పి, లోపల వైర్లు కలిపే కప్లర్ ఊడదీశాను. బ్యాటరీ నుంచి సెట్టుకు నేరుగా వైరు లాగి, మధ్యలో ఫ్యూజు పెట్టాను. సెట్టును యూరియా సంచిలో చుట్టి ట్యాంకు మీద కట్టాను. మైకు బాకాను సైకిల్ ట్యూబు ముక్కలతో హ్యాండిల్‌కు బిగించాను. హారన్ వైరు కూడా తీసేసి, దాని బటన్‌ను మైకుకు వాడదామని చెయ్యి పెట్టాను.

ఏసేపు నా మణికట్టు పట్టుకున్నాడు. “అది ముట్టుకోవద్దప్పా. అది మా పాపకు.”

పాలో కూరగాయలో తెచ్చినప్పుడు గట్టు మీద నిలబడి హారన్ కొడతాడట. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. ఆ పిల్ల కల్వర్టు దాటి వచ్చి తీసుకుని పోతుందట. సరే, ఉండనీ అని వదిలేశాను.

రెండున్నరకు బయల్దేరాం. ఏసేపు నడిపాడు, నేను వెనక కూర్చున్నాను. ఊరికి ఎదురుగా బండి ఆపి, యాక్సిలరేటర్ తిప్పి రేజు ఇస్తూ ఉండమన్నాను. మైకు అందుకున్నాను.

“ప్రజలకు విజ్ఞప్తి. చెరువు కట్ట ప్రమాదంలో ఉంది. తక్షణమే సురక్షిత ప్రాంతానికి తరలివెళ్లవలెను.”

ముగ్గురో నలుగురో బయటికి వచ్చి చూశారు. వానకు మళ్లీ లోపలికి పోయారు.

“ఏందప్పా అది? ఆఫీసోళ్ల మాదిరి చెప్తాండావు. ఆ మాట వాళ్లు ప్రతి వానకూ ఇంటాండారు. ఇట్టియ్యి.”

ఎడమ చేత్తో మైకు లాక్కున్నాడు. కుడి చెయ్యి యాక్సిలరేటర్ మీదే ఉంచాడు.

“ఓబులేసూ! నేను ఏసేపును. కట్టకు బుంగ పడింది. ఎద్దుల పలుపులు ఇప్పి సమాధుల మిట్టకు పోండి! సుబ్బమ్మత్తా! సామాన్లు ఇడ్సిపెట్టు, మనమరాల్ని ఎత్తుకో! ఒరే మాబాషా, మీ నాయన్ను మంచంతోనే మొయ్యండ్రా!”

ఇల్లిల్లూ పేరు పెట్టి పిలిచాడు. క్రిస్మస్‌కు పాటలు పాడుతూ తిరిగే వరస అది. ప్రతి ఏడూ చివర రూతు ఇంట్లో అందరూ కూర్చుని అన్నం తింటారట. అందుకే ఆ పేరు వరసలో చివరిది. ఆ ఇల్లు కూడా ఊరికి దిగువన, చివర్లో ఉంది. మనుషులు బయటపడ్డారు. బిడ్డలు, గొర్రెలు, మంచం మీద ముసలాయన ఎగువనున్న మిట్ట వైపు కదిలారు. ఒక్కొక్క తలుపూ తెరుచుకుంటుంటే నా కళ్లు తడిశాయి. వాన కాబట్టి ఎవరికీ తెలియలేదు.

రూతు పేరు నోట్లో ఉండగా బండి బురదలో పక్కకు ఒరిగింది. ఏసేపు చెయ్యి జారింది. ఇంజిన్ ఆగింది. కిక్కు కొట్టి మళ్లీ లేపాం. మైకు మాత్రం లేవలేదు. బ్యాటరీ దిగిపోయింది. సెట్టు వైరు పీకేశాను.

అప్పుడే నా వైర్‌లెస్ మోగింది. “బుంగ పెద్దదైంది. మా సెక్షన్ కట్ట దిగుతోంది. మీరూ వెనక్కి రండి. ఓవర్.”

“ఇంకొక ఇల్లుంది. ఓవర్.”

“తొందరగా, భాయ్” అన్నాడు రేడియో ఆపరేటర్.

దిగువకు పోయి రూతు ఇంటి ఎదురుగా ఆగాం. ఏసేపు రేజు ఇచ్చి హారన్ నొక్కాడు. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. తలుపు తెరుచుకుంది. బిడ్డను సంకలో వేసుకుని, నెత్తిన సంచి కప్పుకుని రూతు వచ్చింది. మిట్ట వైపు కాదు. ఎప్పుడూ వచ్చినట్టే నాయన దగ్గరికి, నేరుగా వంకలోకి.

ఇద్దరం చేతులు ఊపాం, గొంతు చించుకున్నాం. రమ్మంటున్నాం అనుకుంది. నీళ్లు మోకాళ్లు దాటాయి. ఏసేపు హారన్ మీద వేలు తీసేశాడు. ఆ పిల్లా ఆగింది.

అంత భయం నాకు మంచు కొండల్లోనూ కలగలేదు. ఏసేపు ముఖం చూశాను. ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే బండి దిగాడు.

“ఎనక చక్రం ఎత్తప్పా. తిప్పుదాం.”

తిప్పాం. కూతురికి వీపు పెట్టి, మిట్ట వైపు మెల్లగా కదిలించాడు. హారన్ కొడుతూనే ఉన్నాడు. ఇంజిన్ స్పీడు మీద ఉండటంతో హారన్ గట్టిగా పలికింది. నేను వెనక్కి తిరిగి చూశాను. రూతు నీళ్లలోంచి వెనక్కి అడుగు వేసింది. నాయన వెళ్లిపోతున్నాడనుకుందేమో, అవతలి ఒడ్డున మా వెంట నడక మొదలుపెట్టింది.

వేగంగా పోతే ఆ పిల్ల వెనకబడుతుంది. ఆగితే మళ్లీ వంకలోకి దిగుతుంది. ఫస్ట్ గేరులో, సగం క్లచ్చు మీద, మనిషి నడక వేగంతో పోయాం. క్లచ్చు ప్లేట్లు కాలిన వాసన వస్తోంది. ఏసేపు తల తిప్పలేడు. తిప్పితే గట్టు మీద నుంచి పడతాం.

“వస్తాందా అప్పా?”

“వస్తాంది అన్నా.”

“బిడ్డ?”

“సంకలోనే ఉంది.”

“పడిందా?”

“పడింది, లేచింది. నువ్వు పోనీ.”

మిట్ట అంచున నలుగురు చేతులు చాపి ఆమెను పైకి లాగారు. ఇంకాసేపటికి కట్ట తెగింది. ముందు చప్పుడొచ్చింది, తర్వాత ఎర్రటి నీళ్లు. కొట్టాల ఇళ్లు ఒకదాని వెనక ఒకటి కూర్చున్నట్టు కూలాయి.

మిట్ట మీద లెక్క చూసుకుంటే ఒక్కడు తగ్గాడు. ఓబులేసు. మొదట పిలిచిన పేరు అతనిదే. బెదిరి వెనక్కి పరిగెత్తిన ఎద్దు కోసం పోయాడట. ఎద్దులు రెండూ ఈదుకుంటూ వచ్చాయి. అతను రాలేదు. మర్నాడు మా పడవ వాళ్లకు తుమ్మ చెట్ల మధ్య దొరికాడు. ఏసేపు ఆ ఇంటి వాళ్ల ముందు తల ఎత్తలేకపోయాడు. “ఎద్దుల మాట నేనే ఎత్తినా గదప్పా” అన్నాడు నాతో. నీ తప్పు కాదన్నాను. అతను వినలేదు.

మా ఇంట్లో అందరూ క్షేమమని ఫోన్లో తెలిసింది కానీ, ఇంటికి పోయే వీలు చిక్కలేదు. వారం తర్వాత అదే రోడ్డు మీద నంద్యాల మీదుగా వెనక్కి వెళ్లాం. రేడియో ఆపరేటర్ ఈసారి జోకు వేయలేదు. తన దుప్పటి నాకు కప్పాడు.

సర్వీసు అయ్యాక నంద్యాల్లో చిన్న షాపు పెట్టాను. బైకులకు ఫాగ్ లైట్లు, ఫోన్ చార్జర్లు, రకరకాల హారన్లు బిగిస్తాను. వైరింగ్ అయ్యాక హారన్ నొక్కి చూసుకోవాలి కదా. నొక్కిన ప్రతిసారీ ఆ గట్టు కళ్ల ముందుకొస్తుంది.

ఆ రోజు, రూతు మిట్ట ఎక్కిందని చెప్పాను. ఏసేపు బండి ఆపాడు. ఇంజిన్ ఆగింది. అప్పుడు తల తిప్పి, వంక మీదుగా కూతుర్ని చూశాడు. ఆమె అటు నుంచి చెయ్యి ఎత్తింది. ఇటు హారన్ ఇంజిన్‌తో పాటే మూగబోయింది. ఏసేపు బొటనవేలు మాత్రం ఆ బటన్‌ను ఇంకా నొక్కుతూనే ఉంది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు.