తన్నులు, దండాలు

ఇప్పటి పిల్లలకు చెప్తే నవ్వుతరు గని, మా జమానాల ఎవరికన్న కాలు తగిలిందంటే వాళ్లను ముట్టి కళ్లకద్దుకోవాలె, లేకుంటే మా నాయనమ్మ నెత్తి మీద మొట్టికాయ ఏసేది. బీరంగూడల మా ఇల్లు చిన్నది, మేము తొమ్మిది మందిమి, అండ్ల నేనొక్కదాన్నే ఇద్దరి జాగ తీసుకుంటుంటి (అబద్ధమెందుకు, తొంభై రెండు కిలోలు). దినమంత ఎవరికో ఒకరికి నా కాలు తగులుడే, నేను అద్దుకునుడే. గిసొంటి పిల్లను మా బడి ఆటల సారు తీస్కపోయి జూడోల ఏసిండు. జూడోల సగం పని కాలుతోనే, అవతలి మనిషి కాలును మన కాలుతోని ఊడ్చి పడెయ్యాలె. నేను మంచిగనే ఊడుస్తుంటి. ఊడ్సంగనే, అవతలామె ఇంక పడకముందే, వంగి ఆమె పాదం ముట్టి కళ్లకద్దుకుంటుంటి. గట్ల వంగినప్పుడే ఆమె నన్ను ఎత్తి ఏసేది. మొదటి ఏడాది నేను ఒక్క మ్యాచ్ గెలవలె.

నవ్వులు నవ్వులే గని, నా పానమంత నౌకరి మీదనే ఉండె. అప్పటికి బడి అయిపోయి, జిన్నారంల మందుల కంపెనీల కాంట్రాక్టు మీద గోలీల డబ్బాలకు కాయిదాలు అతికిస్తున్న, ఎప్పుడు రావద్దంటరో తెల్వదు. స్టేట్ల ఫస్ట్ వస్తే స్పోర్ట్స్ కోటాల పర్మనెంటు చేస్తమని ఒక పెద్ద ఫ్యాక్టరీ వాళ్లు చెప్పిన్రు. సారు నా దండాలతోని పరేషాన్ అయ్యి, ఆఖరికి ఒక మాట చెప్పిండు: "మ్యాచ్ మొదలుకాకముందు ఎదురుంగ నిలబడి వంగుతవు సూడు, ఆ ఒక్క దండంల అన్ని తన్నులూ మాఫ్. మళ్ల మళ్ల పెట్టకు తల్లీ." నా రంది తీరింది. ఆ యేడు ఒక్కొక్కరిని ఊడ్సుకుంట స్టేట్ ఫైనల్ దాక పోయిన.

ఫైనల్ల వరంగల్ అక్క. నాకన్న పదేండ్లు పెద్దది, ఇరవై కిలోలు ఎక్కువ. పెద్దమనిషాయె, దండం గూడ ఆ లెక్కనే ఉండాలె గద అని నేను ఎంతసేపు వంగిన్నంటే, రిఫరీ వచ్చి లేపిండు. ఇగ ఆ తర్వాత నా కాళ్లు ఆగలె. మూడో నిమిషంల అక్క వెల్లకిల పడ్డది, నేను ఆమె మీద పడ్డ, రిఫరీ చెయ్యి లేపిండు. ఆ సంబురంల సారు మాట యాదికే లేదు. పడ్డదాన్ని పడ్డట్టే ఆమె భుజం ముట్టి కళ్లకద్దుకున్న. అక్క (ఆమెను పెంచింది గూడ ఎవరో నాయనమ్మే కావచ్చు) నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "సల్లగుండు బిడ్డా. ఇగ జెర లేవు, ఊపిరాడుతలేదు," అన్నది.

నౌకరి వచ్చింది. ఆ కాయిదం చేతుల పెడితే, ఎన్నడు ఏడ్వని మా నాయిన ఏడ్సిండు, నేను గూడ ఏడ్సిన. ఇప్పుడు డ్యూటీ అయినంక పటాన్‌చెరుల ఆడపిల్లలకు జూడో నేర్పుతున్న. మొన్న ఒక పిల్లకు ఎట్ల ఊడ్వాలెనో చూపెడదామని కాలు ఏసిన, పిల్ల పడ్డది. అలవాటు కొద్ది వంగబోతె నడుము పట్టేసింది. ఆ పిల్లనే లేచి నన్ను కుర్చీల కూసోబెట్టింది. నాకు నేనే నవ్వుకున్న. తన్నుడైతే ఇంక మంచిగనే వస్తది గని, మాఫీ అడగ వంగుడే అయితలేదు.